సిస్టరమ్మగారి ఎడమ చెయ్యి

మన మస్కట్ లేసు ఆడవాళ్ళందరూ ఎలా ఉన్నారు? అజైబాలో పెద్దావిడకి షుగరు అదుపులోకి వచ్చిందా? ఖురంలో మెట్ల మీద కాలు మడతపడ్డ అమ్మాయికి కట్టు విప్పారా, నడుస్తోందా? మా పై ఫ్లాటు అమ్మాయీ, నీ దగ్గు మెట్ల దాకా వినిపిస్తూనే ఉంది, డాక్టరుకి చూపించుకున్నావా? బాగానే ఉన్నాం అని ఊరికే అనకండి. ఆ మాట నమ్మి నేనొక మనిషిని పోగొట్టుకున్నాను.

మన సిస్టరమ్మగారు పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. చేతిపనుల ప్రదర్శన అయిన మర్నాడు, ఆదివారం పొద్దున, టీ పెట్టుకుంటూ వంటింట్లోనే కూలిపోయారు. వాళ్ళాయన వచ్చి మా తలుపు బాదారు. అంబులెన్సు వచ్చేలోపే అయిపోయింది. గుండె అన్నారు. ముప్పై ఏళ్ళు ఇక్కడి ఆసుపత్రుల్లో నర్సుగా ఊరందరి నాడీ చూసిన మనిషి. ఆవేళ ఆవిడ నాడి పట్టుకున్నది నేను. ఎక్కడ పట్టుకోవాలో కూడా నాకు తెలియదు.

మన లేసు ఆడవాళ్ళ పుస్తకంలో ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు. నేను ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని. తప్పులుంటే దిద్దండి. కానీ ఒక్క సంగతి మాత్రం కొట్టెయ్యకండి. ఆవిడని ఉంచిన పెట్టెని మన ఊరి విమానానికి పంపే రోజున, అజైబాలో ఉండే వాళ్ళమ్మాయి నా రెండు చేతులూ పట్టుకుని, "అమ్మమ్మగారూ, అమ్మకి ముందే ఏమైనా అనిపించిందా? మీతో ఏమైనా చెప్పిందా?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాను. అది అబద్ధం.

ఆవిడని నేను మొదట చూసింది లిఫ్టులో. లిఫ్టు మధ్యలో ఆగిపోతుందేమోనని నేను మూడో అంతస్తుకి మెట్లెక్కుతుంటే, తలుపు పట్టుకుని నిలబడి పిలిచారు. "రండి పిన్నిగారూ, ఆగిపోతే ఇద్దరం కలిసి అరుద్దాం. నా గొంతు పెద్దదండి, వార్డు మొత్తానికి వినపడేది."

ఆ రోజు నుంచీ నా భయాలన్నీ ఆవిడ గుమ్మంలో పోశాను. గ్యాసు కట్టేశానా, మనవరాలి స్కూలు బస్సు పావుగంట ఆలస్యమైందేం, నాలుక మీద ఈ మచ్చేమిటి. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, నాలుక చూసి, "పొద్దున నేరేడుపళ్ళు తిన్నారాండీ?" అని అడిగేవారు. తినే ఉండేదాన్ని. "మీకు రోగాలన్నీ టీవీలోంచి వస్తాయండి పిన్నిగారూ. ఆ డబ్బా కట్టేస్తే మీకంటే ఆరోగ్యవంతురాలు మస్కట్‌లో ఉండదు." అలా తిట్టించుకుంటే గానీ నాకు స్థిమితం ఉండేది కాదు.

రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేక, చిన్నప్పుడు నరసాపురం వైపు వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న లేసు అల్లిక మళ్ళీ పట్టుకున్నారు. మనందరినీ పోగేసి నేర్పారు. నా చెయ్యి మరీ బిగువు. నేనల్లిన పువ్వు గిన్నెలా ముడుచుకుపోయేది. "భయమంతా దారంలోకి దించేస్తున్నారండీ, కాస్త వదలండి" అనేవారు. ఒకసారి నేను తప్పల్లి, ఆ ముడిని వెనక్కి తిప్పి దాచబోయాను. ఆవిడ నవ్వుతూనే దారం కొస పట్టుకుని సర్రున లాగేశారు. పొద్దుటి నుంచీ అల్లినదంతా ఊడిపోయింది. "ఇప్పుడు విప్పితే ఒక పూట పోతుంది పిన్నిగారూ. దాచిపెడితే గుడ్డంతా పోతుంది" అన్నారు.

ప్రదర్శన సంగతి తెలిసిందగ్గర్నుంచీ ఆవిడకి నిద్రా తిండీ లేవు. వాదీ కబీర్ పేటలో హాలు తీసుకుని, ఇక్కడివాళ్ళు చేత్తో చేసినవన్నీ రెండు రోజులు పెడతారని. మనం ఏడుగురం పువ్వులు అల్లాం. వాటిని కలిపి ఒక పెద్ద బల్ల గుడ్డగా అతకడం ఆవిడ వంతు. అతుకు అందరి చేతికీ వచ్చే పని కాదు కదా. ఏడు చేతుల బిగువు ఏడు రకాలుగా ఉంటే, ఆ తేడా తెలియకుండా కలపాలి. లేసు అల్లేవాళ్ళకి తెలుసు, దారం ఎడమ చూపుడువేలికి రెండు చుట్లు చుట్టి లాగిపట్టి ఉంచాలి. ఎక్కువసేపు కూర్చుంటే ఆ చెయ్యి తిమ్మిరెక్కుతుంది. మా అమ్మా లేసు అల్లేది, నాకే అప్పుడు అబ్బలేదు; మా వైపు దాన్ని దారం తిమ్మిరి అంటారు. కొబ్బరినూనె వెచ్చచేసి రాస్తే పోతుంది.

ప్రదర్శనకి నాలుగు రోజుల ముందు సాయంత్రం ఆవిడ సూది కింద పెట్టి, "పిన్నిగారూ, ఎడం చెయ్యి భుజం దాకా లాగుతోందండీ" అన్నారు.

"దారం తిమ్మిరేలే, నూనె రాస్తా ఉండు" అన్నాను.

"అంతేనండి. అతుకంతా ఒక్కదాన్నే కదా. మా అమ్మాయికి చెప్పకండేం, గాభరాపడి ఇవన్నీ కట్టిపెట్టించేస్తుంది. ప్రదర్శన అవ్వనివ్వండి."

మూడు సాయంత్రాలు రాశాను. వేళ్ళ నుంచి భుజం దాకా, నా ఈ చేతుల్తో. మూడో రోజు చెయ్యి చల్లగా, చెమటగా తగిలింది. ఏసీ ఎక్కువగా పెట్టుకున్నారేమోనని దాన్ని తగ్గించాను. తుమ్మితే భయపడేదాన్ని, లిఫ్టు ఎక్కాలంటే భయపడేదాన్ని, దీనికి ఎందుకు భయపడలేదో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. అది దారం తిమ్మిరి కాబట్టి. మా అమ్మకుండేది, సిస్టరమ్మగారి అమ్మకుండేది, లేసు పట్టిన ప్రతి ఆడదానికీ ఉండేది కాబట్టి. నర్సు అయ్యుండి ఆవిడా అలాగే అనుకున్నారు. దారం చుట్టని కుడి చెయ్యి అయ్యుంటే ఇద్దరం ఉలిక్కిపడి ఉండేవాళ్ళం.

హాల్లో మా పక్క బల్ల ఒక ఒమానీ ఆవిడది. ఖర్జూరం ఆకులతో బుట్టలు అల్లి తెచ్చింది. మన గుడ్డ అంచు వేళ్ళతో తడిమి, ఎన్ని రోజులు పట్టిందని సైగ చేసింది. సిస్టరమ్మగారు ఐదు వేళ్ళు చూపించి, "షహర్" అన్నారు, ఐదు నెలలని. ఒమానీ ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుని, పగుళ్ళిచ్చిన తన వేళ్ళు చూపించింది. ఇద్దరూ ఒకరి వేళ్ళొకరు చూసుకుని ఒకటే నవ్వు. "చూశారా పిన్నిగారూ, ఈవిడదీ మన కులమేనండి, చేతిపని కులం" అన్నారు.

కాసేపటికి ఆ ఒమానీ ఆవిడే, సిస్టరమ్మగారు ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం చూసి, "తాబానా?" అని అడిగింది. అలసిపోయావా అని. సిస్టరమ్మగారు "మాఫీ ముష్కిల్" అన్నారు, ఏం ఫరవాలేదని. అయినా ఆవిడ నమ్మలేదు. తన కుర్చీ తెచ్చి వేసింది, ఖర్జూరాలు తినిపించింది, నావైపు తిరిగి చెయ్యి చూపించి ఏదో గట్టిగా చెప్పింది. నాకు అర్థం కాలేదు. మర్యాదకి నవ్వాను. గంట పరిచయం ఉన్న మనిషికి కనపడింది, ఏడేళ్ళు పక్కింట్లో ఉన్న నాకు కనపడలేదు.

అంత్యక్రియలకి వెళ్ళిన వాళ్ళమ్మాయి ఊరి నుంచి తిరిగొచ్చాక రెండుసార్లు ఫోను చేసింది. రెండుసార్లూ ఒకటే మాట, "ఆ వారం ఆఫీసు పనని నేను రాలేదు అమ్మమ్మగారూ. వచ్చుంటే అమ్మ మొహం చూసి కనిపెట్టేదాన్ని. నేనే చంపుకున్నాను." ఆ ఏడుపు విని కూడా నోరు మెదపలేదు నేను. మా అబ్బాయేమో, "ఎందుకమ్మా ఇప్పుడు? చెబితే ఆవిడ తిరిగొస్తుందా? ఉన్న సంబంధం చెడుతుంది" అంటున్నాడు. చెడుతుందనే నా భయం కూడా. ఈ దేశంలో నన్ను అమ్మమ్మగారూ అని పిలిచే పిల్ల అదొక్కతే. విన్నాక మళ్ళీ పిలుస్తుందో లేదో. కానీ నేను మోయాల్సిన దాన్ని ఆ పిల్ల మోస్తోంది. అది చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

నిన్న నేనే ఫోను చేశాను.

"ఒంట్లో బాగుందా అమ్మమ్మగారూ?"

"బాగాలేదమ్మా. నీతో ఒక సంగతి చెప్పాలి. ఫోన్లో కాదు."

మెల్లగా, "అమ్మ గురించా?" అంది.

"అవునమ్మా."

"నాన్నగారిని కూడా ఉండమననా?"

"ఉండమను తల్లీ. ఒక్కసారే చెప్పగలను. రెండోసారికి నాకు నోరు రాదు."

నా మాట ఆ ఇంట్లో చెప్పేదాకా ఈ పుస్తకం పంచొద్దని అచ్చు వేసేవాళ్ళకి చెప్పి ఉంచాను. వాళ్ళకంటే ముందు మీరు చదవకూడదు. మా అబ్బాయి అజైబాలో ఆ అమ్మాయి ఇంటి దగ్గర కారులో దింపి కింద ఉంటానన్నాడు. పైకి ఒక్కదాన్నే వెళ్తాను. వచ్చే శుక్రవారం, చర్చిలో వాళ్ళ ఆరాధన అయ్యాక, పదకొండు గంటలకి రమ్మంది.