పిలగాని గొంతు వినడానికి అంగడికి పోయిన

ఆ రోజుల్ల పెండ్లిపిల్ల పెండ్లికొడుకును చూసేది పెండ్లిల నడుమ పట్టిన తెరసెల్ల దించినంకనే. అప్పటిదాంక ఆయనకు ముక్కున్నదా, మూతున్నదా అన్నది పెద్దోళ్ల మీద పెట్టుకున్న నమ్మకమే. ఇప్పటి పిల్లలు పెండ్లికి ముందే నెలల కొద్దీ ఫోన్లల్ల మాట్లాడుకుంటుంటే నాకు కుళ్లేం లేదు గని (ఉన్నది, కొంచెం), మా కాలంల ఒక్క మాట వినడానికి ఎంత తిప్పలైందో యాదికొచ్చి నవ్వొస్తది. నిజాం సర్కారు పోయిన కొత్తల సంగతి. మాది చొప్పదండి దిక్కు ఊరు. మా బాపు చెల్లె, అంటే మా మేనత్త, తన అత్తగారి ఊరి పిలగాన్నే నాకు కుదిర్చింది. బాపు పోయి చూసొచ్చిండు. "ఎట్లున్నడు?" అని అవ్వ అడిగితే మీసం దువ్వుకుంట, "బంగారమసుంటోడు. నెమ్మదస్తుడు. నేను కూసున్నంత సేపు ఒక్క మాట మాట్లాడితె ఒట్టు" అన్నడు. అవ్వ మురిసిపోయింది. నా గుండెల మాత్రం రాయి పడ్డది. ఎందుకంటే అంతకు ముందే బావికాడ నా దోస్తు బిందె ముంచుకుంట, "మీ పిలగానికి మాటలు రావట గదనే" అన్నది. (ఎవలు చెప్పిన్రే అంటే, ఎవలో చెప్పిన్రు అన్నది. మా ఊర్లె అన్ని వార్తలకు ఆ ఎవలోనే ఆధారం.)

నాకు అన్నం సయించలే. ఆస్తి లేకున్నా మంచిదే, అందం లేకున్నా సర్దుకుందును. కానీ పొద్దు లేస్తే నేను వాగుడుకాయను. కోడితోని మాట్లాడుత, కుండతోని మాట్లాడుత. తిరిగి జవాబు చెప్పేటోడు లేకుంటే బతుకంతా గోడతోని ముచ్చట పెట్టుకోవాల్నా? మేనత్త మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె కొంగు పట్టుకొని ఏడ్చిన. అత్త నా దిక్కు వింతగ చూసింది. నవ్వు ఆపుకుంటున్నదని నాకప్పుడు తెల్వలే. "మాట రానోడా! ఓసి పిచ్చిదానా! రేపు కరీంనగర్ల వారం అంగడి. ఆ పిలగాడు కూరగాయల బండి కట్టుకొని వస్తడు. నీ చెవులతోని నువ్వే విందువు" అన్నది. బాపుకు మాత్రం గాజులు కొనిస్తనని చెప్పింది. ఇంకేం, కోడి కూసేటాళ్లకు ఎడ్లబండెక్కినం.

అసుంటి అంగడి నేను మళ్ల చూడలే. చుట్టుపక్కల ఊర్లన్నీ తెల్లారేసరికి తమ చేన్లను గోనెసంచుల మీద కుప్పలు పోసి కూసున్నట్టుండె. మంచు తడి ఆరని పుంటికూర కట్టలు, మట్టి అంటుకున్న చామగడ్డలు, పొట్టు తియ్యని మక్క కంకులు. ఒకామె ఉడకబెట్టిన బొబ్బర్ల గుడాలు మోదుగాకు దొన్నెల పోసి అమ్ముతుంటే అత్త ఆడనే ఆగిపోయింది. (పెండ్లి చూపులకు ఖాళీ కడుపుతోని పోవద్దట.) దొన్నె చేతవట్టుకొని నములుకుంటనే, "అగో, ఎర్ర రుమాలు" అని గడ్డంతోని చూపించింది. వంకాయల కుప్ప ఎనక కూసున్నడు. పిలగాడు బాగనే ఉన్నడు. బాగున్నడని ఇంకా దుఃఖమొచ్చింది.

ధైర్యం చేసి కుప్ప ముందు కూసున్న. "వంకాయలు ఎట్లిస్తున్నవ్ అన్నా?" అన్న. అంగట్ల అందరినీ అనే మాటే గద! అత్త నా తొడ మీద ఒక్క గిల్లు గిల్లింది. "అన్న అంటవేందే, కొంప ముంచుతవా!" అని చెవుల గొణిగింది. ఆయన మాత్రం వేళ్లు చూపించిండు. అంతే.

"పురుగులున్నయా?"

లెవ్వన్నట్టు తల ఊపిండు.

"ఏ చేన్లయి?"

తూర్పు దిక్కు చెయ్యి చాపిండు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఇట్ల గాదని, చేతులతోని జవాబు చెప్పరాని ప్రశ్న ఎతుక్కున్న. "నీ పేరేంది?" అన్న. పెండ్లి కాని పిల్ల నడి అంగట్ల మగపిలగాని పేరడుగుడు! అత్తకు గుడాలు గొంతుల పడి పొలమారింది. ఆయన మొఖం కూడా వంకాయ రంగుకొచ్చింది. జరసేపు ఆలోచించి, ఆకాశం దిక్కు చూసి, రెండు చేతులు జోడించి దండం పెట్టిండు.

"దేవుని పేరన్నట్టు" అన్నది అత్త దగ్గుకుంట.

ఇగ నమ్మకం పోయింది. "అత్తా, ఇంటికి పోదాం" అని లేసి ఎనక్కి తిరిగిన. తిరిగితే నా మొఖం ముంగట ఇంకో మొఖం, కొమ్ములతోని! అంగట్ల తిరిగే ఆంబోతు కూర కట్టల మీదికి వస్తున్నది, నేనేమో నడుమ నిలవడ్డ.

"ఓ పిల్లా! పక్కకు జరుగు! జరుగుమంటుంటే!" అని ఎనక నుంచి ఒక గొంతు వచ్చింది చూడూ, అంగడంతా తిరిగి చూసింది. ఎర్ర రుమాలాయన కుప్ప మీది నుంచి దునికి, నన్ను పక్కకు నెట్టి, రుమాలు ఊపుకుంట ఆంబోతుతోని మొదలువెట్టిండు. "పోయిన అంగట్ల పాలకూర తింటివి, ఏమన్ననా? అంతకు ముందు బీరకాయలు తింటివి, ఏమన్ననా? నీకు సిగ్గు లేదా?" ఆంబోతు పోయింది. ఆయన మాటలు పోలే. నా దిక్కు తిరిగి, "దెబ్బ తాకిందా? తాకలేదా? మంచిది. పేరు అడిగితివి, చెప్తే తప్పేందో నాకు సమజ్ కాలే. గీ అత్తమ్మనే పెండ్లి దాంక మీ ఇంటోళ్ల ముందట నోరు తెరువద్దన్నది. మీ బాపు వచ్చిననాడూ అదే మాట. మిమ్ముల చూసిన కాడి నుంచి పెదవులు బిగవట్టుకొని కూసున్న, కడుపు ఉబ్బిపోతున్నది. వంకాయలు లేతయి, పోయిన వానకు..." అని వానల కాడి నుంచి విత్తనాల దాంక పోయిండు.

అత్త నెత్తి కొట్టుకున్నది. "ధర ఒక్కటి నోటితోని చెప్తడనుకుంటి, మొత్తమే తెరిచిండు! ఇగ మూయడు. ఒక సంబంధం గిట్లనే చెడగొట్టుకున్నడని నేను పరేషాన్ల ఉంటే..." నేను కింద కూసొని నవ్విన, నవ్వి నవ్వి ఏడ్చిన. వాగుడుకాయకు వాగుడుకాయను దాచిపెట్టుడేందత్తా అన్న. ఆయన మాట ఆపి, మొదటిసారి నా మొఖంలకు చూసి, "నువ్వు గూడనా?" అన్నడు, దారి తప్పినోనికి తోడు దొరికినట్టు.

పెండ్లిల తెరసెల్లకు అటు దిక్కు నుంచి అయ్యగారితోని ముచ్చట పెట్టిండు. అయ్యగారు మంత్రం మర్చిపోయిండు. నెమ్మదస్తుడని మెచ్చుకున్న మా బాపు ఆ రోజంతా మా మేనత్త దిక్కు చూడలే.

ఏండ్లు గడిచినయ్. నేనొక మాటంటే ఆయన నాలుగంటడు, ఆయన నాలుగంటే నేను పదంట. ఇంట్ల ఇద్దరమే అయినా బయటోళ్లకు పంచాయితి కూసున్నట్టే వినొస్తది. ఎన్నడన్న ఆయన బిడ్డ కాడికి పోయి నాలుగు దినాలుంటే మాత్రం నాకు దిక్కు తోచదు. అప్పుడు వాకిట్లకు పోయి నిలవడ్త. కూరగాయల బండి రాంగనే ఆపి, అది ఎట్ల, ఇది ఎట్ల, ఏ చేన్లయి అని అన్నీ అడుగుత. బండాయన ఓపికగ చెప్పి చెప్పి, "ఏం తీసుకుంటవమ్మా?" అంటడు. "ఏం లేదు బిడ్డా, ఊకనే. ఇంకో రెండు మాటలు చెప్పి పో" అంట.