అల్లం బీరు

ఏప్రిల్ వచ్చిందంటే విత్తనాల అంగడిలో ఈగలు తోలుకోవాల్సిందే. తొలకరి పడేదాకా రైతు మా వైపు తిరిగి చూడడు. నంద్యాలలో ఎండ పొద్దున ఎనిమిదికే మొదలై, రాత్రి గోడల్లో కూర్చుంటుంది. పోయిన ఏడాది దాకా ఈ ఖాళీ నాకు ఇష్టంగానే ఉండేది. సాయంత్రం షట్టరు దించి, రైల్వే స్టేషన్ పక్కనున్న బారుకు నడిచి, చల్లని బీరు సీసా ఒకటి తెరిస్తే ఆ రోజుకు న్యాయం జరిగినట్టు. ఒకటి అంటున్నాను గానీ, ఒకటితో నేను ఏనాడూ లేవలేదు.

చలికాలంలో కడుపునొప్పి వచ్చి ఆస్పత్రికి పోతే డాక్టరు స్కానింగ్ చూసి, కాలేయం వాచిందని, ఇంకోసారి తాగితే తన దగ్గరికి రావద్దని చెప్పాడు. మా ఆవిడ పక్కనే ఉండి అంతా వింది. మర్నాడు సాయంత్రం నేను అంగడి నుంచి వచ్చేసరికి గడపలో అడ్డంగా నిలబడి ఉంది.

"ఊదు," అంది.

"ఏందీ?"

"నోరు తెరిచి ఊదు. పోలీసోళ్లు అడిగితే ఊదవా?"

ఊదాను. వాసన చూసి పక్కకు జరిగింది. ఆనాటి నుంచి రోజూ ఇదే వరస. మొదట్లో పక్కింటివాళ్లు చూస్తారేమోనని తల కొట్టేసినట్టు ఉండేది. తర్వాత తర్వాత గడప ముందు చెప్పులు విడిచినంత మామూలైపోయింది.

అయితే చలికాలంలో మానడం ఒక గొప్పా? ఎండలు ముదిరాక తెలిసింది నా సంగతి. కౌంటరు వెనక కూర్చోలేను, నిలబడలేను. విత్తనాల పాకెట్లు ఒక అర నుంచి ఇంకో అరకు మార్చడం, మళ్లీ యథాస్థానంలో పెట్టడం. ఎన్ని నీళ్లు తాగినా గొంతు తడిసేది గానీ తృప్తి పడేది కాదు. పొద్దు వాలితే కాళ్లు వాటంతట అవే స్టేషన్ వైపు మళ్లేవి. వాటిని తిప్పుకుని ఇంటికి తెచ్చుకోవడమే నాకు పెద్ద పని అయింది.

అట్లా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న రోజుల్లో ఫోనులో వీడియోలు కనబడ్డాయి. ఎక్కడెక్కడి వాళ్లో ఇంట్లోనే బీరు చేసుకుంటున్నారు. ఎండాకాలానికి గోధుమలది మంచిదా, నిమ్మతొక్క వేసింది మంచిదా, పలచనిదా, పుల్లనిదా అని పెళ్లి సంబంధం చూసినంత శ్రద్ధగా ఎంచుకుంటున్నారు. నాకు ఒక ఆలోచన తట్టింది. మత్తు ఒక్కటి తీసేసి, మిగతాదంతా నేనూ చేసుకోవచ్చు గదా? చల్లదనం, నురగ, గొంతులో ఆ చురుకు.

"ఇంట్లో బీరు చేస్తా," అన్నాను మా ఆవిడతో.

"మతి పోయిందా నీకు?"

"మత్తు లేని బీరు లేమే."

నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "చెయ్. ఫస్టు నేను తాగి చూస్తా. ఆమైనే నీకు," అంది.

ముందు బార్లీ. వేయించి, ఉడకబెట్టి, వడకట్టి, నిమ్మరసం పిండి, సోడా కలిపాను. రంగు చూస్తే నోరూరింది. మా ఆవిడ ఒక గుక్క తాగి, "జరమొచ్చినోళ్లకు ఇచ్చేదే గదా ఇది," అంది. నిజమే. మంచం మీద పడుకుని తాగాల్సిన రుచి.

తర్వాత రాగులు. విత్తనం మొలకెత్తించడం నాకు ఒకరు నేర్పాలా? మొలకలు కట్టించి, మిద్దె మీద ఎండబెట్టి, పిండి పట్టించి, కాచి, ఒక రాత్రి పులియబెట్టాను. బాగానే వచ్చింది. కానీ అది అంబలి. ఎంత నురగ తేలినా అంబలి అంబలే. రెండు గ్లాసులకు కడుపు నిండి నిద్ర వచ్చింది. నాకు కావలసింది నిద్ర కాదు.

మూడోది అల్లం. తురిమిన అల్లం, చక్కెర, నీళ్లు సీసాలో వేసి మూతికి గుడ్డ కట్టి, రోజూ ఇంత అల్లం, ఇంత చక్కెర దానికి మేపాలి. అది బుడగలు కట్టాక వడకట్టి, నిమ్మరసం, చక్కెర నీళ్లలో కలిపి ప్లాస్టిక్ సీసాలకు పోయాలి. సీసా నొక్కితే గట్టిగా తగలగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. మన ఎండకు ఒక పూట చాలు. మొదటి విడత గొంతులో దిగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, సగం అల్లం ఘాటుకు, సగం సంతోషానికి. వారం రోజులు కాళ్లు నా మాట విన్నాయి.

రెండో విడత సీసాలకు పోసిన రోజే ఆళ్లగడ్డ నుంచి ఫోను. చిన్ననాటి స్నేహితుడు, దేవుని బొమ్మలు చెక్కేవాడు, హైవే పక్కన కొత్త షెడ్డు వేశాడు. పూజకు రమ్మన్నాడు. వాడూ నేనూ కలిసి తాగిన బీరు కొలిస్తే ఒక చిన్న చెరువు. అయినా పోకుండా ఉండలేకపోయాను. సీసాలు గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టమని మా ఆవిడకు చెప్పి బస్సెక్కాను.

పూజ అయిన సాయంత్రమే వాడు, సగం చెక్కిన నంది వీపు మీద చల్లని సీసా పెట్టాడు. బయట చెమట పట్టి, చుక్కలు రాతి మీదికి జారుతున్నాయి.

"ఒగటి తాగప్పా. ఎండకు పోతాండావ్."

"వద్దు రా."

"ఈడ ఎవురు జూస్తారు?"

చూపు తిప్పుకుని షెడ్డు బయటికి పోయి రాతి పొడిలో అటూ ఇటూ తిరిగాను. మర్నాడూ అదే మాట, అదే జవాబు. మూడోనాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నా అంత మొనగాడు ఈ రెండూళ్ల మధ్య లేడనుకున్నాను.

గడపలో ఊదాను. ఆళ్లగడ్డకు పోయి కూడా శుభ్రంగా వచ్చానని మా ఆవిడ ముఖం విప్పారింది. కూర్చోబెట్టి, గ్లాసు నిండా అల్లం బీరు తెచ్చింది. సీసాలు ఉబ్బడం చూసి, ఫ్రిజ్‌లో పేలితే పాలూ పెరుగూ పోతాయని, తడి గోనె చుట్టి బాత్రూములో పెట్టిందట. నేను వస్తున్నానని ఈ పూటే ఫ్రిజ్‌లోకి మార్చిందట.

"నేను అర గ్లాసు తాగినా. ఈ తూరి శానా బాగొచ్చింది. ఏందో ఒళ్లంతా ఉషారుగా ఉంది," అంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఊరికే నవ్వుతోంది.

ఒక గుక్క తాగాను. గొంతు దాటకముందే తెలిసిపోయింది. తీపి పోయింది. అల్లం వెనక నుంచి నా పాత చుట్టం పలకరించింది. ఆమె జన్మలో మందు ముట్టలేదు, ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఆమె నా ముఖం దగ్గరికి వంగి గాలి పీల్చి, "అల్లం వాసనే," అంది మురిపెంగా. "దినామూ ఇదే చేసుకుందాం. నేరుగా ఇంటికొస్తావు."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. సీసాలు ఒక రోజు ఎక్కువ బయట ఉంచితే చాలు. ఈ ఎండాకాలమంతా, వచ్చే ఎండాకాలమంతా, ఆమె చేత్తోనే పోయించుకుని తాగొచ్చు. ఆళ్లగడ్డలో నంది మీది సీసాకు కూడా నేను ఇంత భయపడలేదు. గ్లాసు కింద పెట్టబోతే చెయ్యి వదల్లేదు.

"ఇది ఎక్కిందిమే," అన్నాను చివరికి. "పులిసి మందయింది."

"యాడ? సోడా మాదిరే ఉంది గదా."

"నీకు తెల్దు. నాకు తెలుస్తాంది."

సీసాలన్నీ గిన్నెలు తోమే జాలాట్లో వంచేశాను. నురగ కాలువ దాకా పోయింది. నేను ముఖం పక్కకు పెట్టుకునే వంచాను. ఆమె తలుపు పట్టుకుని చూస్తూ నిలబడింది. నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో గమనించలేదు.

మర్నాడు సాయంత్రం అంగడి మూసి ఇంటికి వచ్చాను. గడపలో ఎవరూ లేరు. వంటింట్లోంచి ఆమె గొంతు, "లోపలికి రా, మజ్జిగ చేసి పెట్టినా."

చెప్పులు విడిచాను. కాలు ముందుకు పడలేదు.

"ముందు ఈడికి రామే," అని పిలిచాను. "వచ్చి వాసన జూడు."