తుల్జమ్మ చేతుల మీది నలుపు

1962 ఎండాకాలం. జహీరాబాద్ దవాఖానలో ఆడవాళ్ళ వార్డు నా చేతిలో ఉండేది. నాకు మామూలుగానే కాలు ఒకచోట నిలవదు, ఆ వారమైతే మరీను. ఝరాసంగం దగ్గరి పల్లె నుంచి సంగప్ప అనే కూలి మనిషి తన భార్య తుల్జమ్మను చేతులకు తాడు కట్టి ఎడ్లబండిలో తెచ్చాడు. నెలన్నరగా నిద్ర లేదట, ఊరికే ఏడుస్తుందట, బావి వైపు పరుగెత్తుతుందట. పది నెలల బిడ్డను అత్త లాక్కుని తన దగ్గరే పెట్టుకుంది.

"డాక్టర్‌ సాబ్ కాయితం రాసిస్తే హైదరాబాద్ పిచ్చిదవాఖానల ఇడిసొస్త సిస్టరమ్మ. బిడ్డ పానమన్న దక్కుతది," అన్నాడు సంగప్ప. అతనికీ కంటిమీద కునుకు లేదని చూస్తేనే తెలుస్తోంది. కోప్పడలేకపోయాను.

శుక్రవారం దాకా చూసి కాగితం రాస్తానన్నారు డాక్టరుగారు. పారాల్డిహైడ్, అంటే ఘాటుగా వాసన కొట్టే నిద్రమందు, తాగించాం. కాసేపు పడుకుని లేచి మళ్ళీ వార్డంతా తిరిగేది. వెనకాలే నేనూ తిరిగేదాన్ని. మణికట్ల దగ్గర చర్మం నల్లబడి పగిలి ఉంటే తాడు ఒరిపిడి అనుకుని ఆయింట్‌మెంట్ రాసి ఊరుకున్నాను. నా తెలివి అంతవరకే.

గురువారం స్నానం చేయిస్తుంటే మెడ చుట్టూ, పాదాల మీద కూడా అదే నలుపు కనిపించింది. ఆమెకు చీర చుట్టబెట్టి బయటికొచ్చి సంగప్పను నిలదీశాను.

"మెడకు కూడ తాడు కట్టినవా?"

"గట్లెందుకు కడత సిస్టరమ్మ, గొడ్డా ఏంది? చేతులే కట్టిన, గదీ మొన్ననే."

"మరి ఆ నలుపు ఎప్పటిసంది ఉంది?"

"ఉగాది కాడికెళ్లి. ఎండకు కమిలిందనుకున్నం."

లోపలికెళ్ళి మళ్ళీ చూశాను. ఎండ తగలకుండా రవిక కప్పిన చోట చర్మం నున్నగా ఉంది. నాలుక ఎర్రగా పుండులా ఉంది. విరేచనాలు వచ్చిన రోజు నుంచీ ఉన్నాయి. పరుగున వెళ్ళి డాక్టరుగారిని పిలుచుకొచ్చాను. చూడగానే "పెల్లాగ్రా" అన్నారు. పప్పూ పాలూ లేక ఉత్త జొన్నరొట్టె మీదే బతికే మనిషికి ఒక విటమిన్ కొరవడి వచ్చే జబ్బు. చర్మాన్నీ పేగునీ మెదడునీ కూడా పట్టుకుంటుంది.

ఆ విటమినే అయిన నికోటినిక్ యాసిడ్ మాత్రలు, పాలు, గుడ్లు మొదలుపెట్టాం. మూడో రోజు నిద్రమందు లేకుండానే పడుకుంది. వారం తిరక్కుండా, "నా పిల్ల నన్ను మరిచిందా సిస్టరమ్మ?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గూ వేసింది. ఆ కాగితం కోసం నేనూ శుక్రవారం ఎప్పుడొస్తుందా అని చూసినదాన్నే.

పిల్లనివ్వనని అత్త కబురు పంపింది. తుల్జమ్మ వెంట నేనే వెళ్ళాను. అత్త పిల్లను చంకనేసుకుని గడపలో అడ్డంగా నిలబడింది.

"మేమందరం గదే రొట్టె తింటం. మాకు రాని పిచ్చి దీనికెందుకొచ్చె?"

"రొట్టెలోకి ఈమె ఏం తింటదవ్వా?" అని అడిగాను.

"ఉన్నదే తింటది. పప్పు."

"మీరందరు తిన్నంక మిగులుతదా?"

అత్త కొడుకు వైపు చూసింది. "అది తినంగ నేనెన్నడు చూడలే," అన్నాడు సంగప్ప, తల దించుకుని.

"కారం నంజుకుంట," అంది తుల్జమ్మ మెల్లగా.

అత్త గడప దిగొచ్చి పిల్లను కోడలి చేతుల్లో పెట్టింది. "ఇయ్యాల్టికెళ్లి నా పక్కన కూసోని తిను," అంది.

అప్పటి నుంచి మతి చెడిందని ఎవరిని తెచ్చినా, ఏం మాట్లాడుతోందని అడిగే ముందు ఏం తింటోందని అడుగుతాను. అదీ ఇంట్లోవాళ్ళను అడుగుతాను. చాలామంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.