పచ్చ టిక్కు మీద గోరు

అరసవల్లి ఆటోస్టాండుకి ఎదురుగా ఉన్న చిన్న కంప్యూటర్ సంస్థలో నాకు పని నేర్పిన మేడమ్‌కి ఒక అలవాటుండేది. తెరమీద పచ్చ టిక్కు కనబడితే చాలు, దాన్ని గోటితో టకటకా కొట్టి, "నిజవేనా?" అనేది. మనిషిని అడుగుతోందో మెషీన్ని అడుగుతోందో తెలిసేది కాదు.

నన్ను ఉద్యోగంలో ఉంచుకోవాలో, ఇంటికి పంపాలో తేల్చే రోజున బయటినుంచి అక్కర్లేనివి లోపలికి రాకుండా కాపలా కాసే ఫైర్‌వాల్ ఒకటి ఎక్కించమంది. నేరుగా కాదు, కంప్యూటర్ లోపలే ఉత్తుత్తి కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్‌లో. మూడుసార్లు ఇన్‌స్టలేషన్ మధ్యలోనే ఆగిపోయింది. నాలుగోసారి మొదలుపెట్టి టీకి వెళ్లొచ్చేసరికి పచ్చ టిక్కు పడి ఉంది. బయటినుంచి ఏం పంపినా లోపలికి రావడం లేదు. గట్టెక్కాననుకున్నాను.

గోరు టకటకలాడింది. "నిజవేనా? రావలసిందైనా వస్తన్నాదేటి?"

రానివ్వమని నేను రాసిపెట్టినదీ రాలేదు. గంటసేపు రూల్సన్నీ తిరగేశాను. చివరికి ఆవిడే ఆ వర్చువల్ మెషీన్ సెట్టింగులు తెరిచి చూపించింది. నెట్‌వర్క్ కేబుల్ కలిపి ఉందనడానికి ఉండాల్సిన టిక్కు అక్కడ లేదు.

"నీ ఫైర్‌వాల్ ఎవుల్నీ ఆపనేదురా. అసలు దారే నేదు."

పొద్దున ఆ టిక్కు నేనే పెట్టాను, బాగా గుర్తు. నేను టీకి వెళ్లినప్పుడు గదిలో ఉన్నది ఆవిడొక్కతే. ఉద్యోగం పోతే పోయిందని అడిగేశాను.

"మీరే తీసీసినారా మేడమ్?"

అవుననలేదు, కాదనలేదు. నాకు ఇప్పటికీ తెలియదు. మొదటిసారి నవ్వింది మాత్రం.

"ఇన్నాళ్లకి నీకు అనుమానం వొచ్చినాది. ఉద్యోగం నీదే, రేపు పన్లోకి వొచ్చీ."

"నిజవేనా?" అన్నాను, నాకు తెలియకుండానే బల్లని గోటితో కొడుతూ.