పొద్దటి ఆట చూసొచ్చిన మనిషి

మొన్న కల్వకుర్తి నుంచి బస్సులో అచ్చంపేట వెళ్తుంటే దారిలో వాన పట్టుకుంది. ఒక స్టేజీ దగ్గర ఎక్కిన ముసలాయన తడిసిన గొంగడితో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తడిసిన గొంగడికి ఒక వాసన ఉంటుంది. ఉన్ని, పొగ, పాలు కలిసిన వాసన. కిటికీలన్నీ మూసి ఉండడంతో అది బస్సంతా నిండింది. ముందు సీట్లో ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఆ వాసనతో మా ఊరి సినిమా హాలు, వెనక నుంచి మూడో వరుస, గోడ పక్క సీటు కళ్లముందుకొచ్చాయి. కుర్మయ్య ఎప్పుడూ అక్కడే కూర్చునేవాడు. లోపల ఏసీ చలి పెడుతుందని నడి ఎండాకాలంలో కూడా గొంగడి భుజాన వేసుకొచ్చేవాడు.

నాలుగేళ్లుగా ఈ పత్రికలో సినిమాల గురించి రాస్తున్నాను. మా ఊళ్లో నన్ను ‘సినిమా సారు’ అంటారు. ఆ పేరు నాకు ఎట్లా వచ్చిందో చెప్పకుండా ఇన్నాళ్లు తప్పించుకున్నాను. ఇప్పుడు చెబుతాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో కల్వకుర్తిలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు లేని రోజుల్లో పని తక్కువ, సినిమా పిచ్చి ఎక్కువ. హాలుకు ఎదురుగా ఉన్న చాయ హోటల్ ముందు ఒక బెంచీ ఉండేది. శుక్రవారం పొద్దటి ఆట వదలగానే దాని చుట్టూ పది పదిహేను మంది చేరేవాళ్లు. వాళ్లకొక పద్ధతి ఉండేది. సినిమా చూసొచ్చినవాడి చేతికి చాయ ఇస్తారు. ఆ చాయ అయ్యేదాకా అతను ఏం చెప్పినా వినాలి, నడుమ ఎవరూ నోరెత్తొద్దు. గ్లాసు కింద పెట్టాకే వాదన. ఆ పద్ధతిని కాపాడేవాణ్ని నేనే. ఎందుకంటే ఎక్కువసార్లు గ్లాసు నా చేతిలోనే ఉండేది. కెమెరా పట్టినవాణ్ని కనుక వెలుతురు గురించి, ఫ్రేము గురించి చెప్పేవాణ్ని. వాళ్లు తలలూపేవాళ్లు. అర్థమయ్యే ఊపుతున్నారనుకునేవాణ్ని.

కుర్మయ్య పక్క ఊరి గొర్లకాపరి. నాకంటే పన్నెండు పదమూడేళ్లు పెద్ద. శుక్రవారం మందను తమ్ముడికి అప్పజెప్పి సినిమాకు వచ్చేవాడు. చాన్నాళ్లు బెంచీకి దూరంగా నిలబడి చాయ తాగి వెళ్లిపోయేవాడు. ఒకసారి పెద్ద హీరో సినిమా వచ్చింది. బ్రహ్మాండంగా తీశారని నేను చెప్పడం అయిపోయాక, ఆటో నడిపే జంగయ్య ఊరికే, నవ్వులాటకు, నువ్వేమంటవ్ కుర్మన్నా అని అడిగాడు. కుర్మయ్య గ్లాసు పట్టుకొని బెంచీ దగ్గరికొచ్చాడు.

“పాటలప్పుడు మంది బాగనే ఉన్నరు. ఇంటర్వెల్ అయినంక కాళ్లు కదిలినయి. చెప్పులు ఎతుక్కుంటున్నరు. మంద లేసే ముంగట గట్లనే చేస్తది. సోమారం దాక ఉంటదేమో.”

“చెప్పులు చూస్తందుకు పోయినవా అన్నా, సినిమా చూస్తందుకా?” అన్నాడు జంగయ్య. అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

మంగళవారం హాలు మీద పోస్టరు మారింది.

ఆ తర్వాతి వారం నేను మాట్లాడుతుంటే జంగయ్య కళ్లు నా భుజం మీదుగా హాలు గేటు వైపు పోతున్నాయి. కుర్మయ్య బయటికి ఎప్పుడొస్తాడా అని. నాలుగైదు వారాల్లో అందరి చూపూ అటే తిరిగింది. నా చాయ ఎప్పుడు అయిపోతుందా అని గ్లాసు వైపు చూసేవాళ్లు. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుంటే కూడా నాకు ఆ చూపులే గుర్తొచ్చేవి. చదువుకోని మనిషి, కెమెరా ముట్టని మనిషి, చెప్పులు చూసి సినిమా చెబుతాడా అని నా భార్య దగ్గర ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆయన అన్న మాటలన్నీ ఎత్తిపొడుస్తూ ఆమెకు అప్పజెప్పేవాణ్ని. ఆమె వింటూ నవ్వి, మంచిగ చెప్తడు గదా అనేది. దాంతో నాకు ఇంకా మండేది.

ఆ కిటుకేదో పట్టుకుందామని ఒక శుక్రవారం ఆయనతో పాటు వెళ్లాను. నేనూ వస్తానంటే ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. నేను జేబులో చెయ్యి పెట్టేలోపే ఇద్దరికీ టికెట్లు తీశాడు. పేరు లేని నటులతో తీసిన చిన్న సినిమా అది. హాలులో పాతికమంది ఉంటారేమో. గంట గడిచింది. దగ్గు కూడా వినబడడం లేదు. జనానికి విసుగొచ్చినట్టుందని ఆయన చెవిలో అన్నాను. ఆయన నా వైపు వంగాడు.

“గొర్లు కడుపునిండ మేస్తున్నప్పుడు ఊకుంటయి. తోడేలు వాసన తగిలినా ఊకుంటయి. ఆ రెండు ఊకుండుడులు ఒక్కటి కావు తమ్మీ.”

“మరి వీళ్లది ఏది?”

“మేస్తున్నరు.”

తెర వెలుతురులో చూస్తే ఆయన చెంపలు తడిసి ఉన్నాయి. జనాన్నీ చూస్తున్నాడు, సినిమానూ చూస్తున్నాడు. నేను మాత్రం ఆయన్నే చూస్తున్నాను.

ఆట వదిలాక హాలు మేనేజరు ఆయన్ని గదిలోకి పిలిచి చాయ తెప్పించాడు. నేను తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నాను. మేనేజరు ఇంట్లో మొక్కు ఉందట, రెండు మంచి పొట్టేళ్లు కావాలట. అంతే మాట. నేను బెంచీ దగ్గరికి ముందుగా వచ్చాను. సినిమా ఎట్లుందని అడిగారు. కుర్మన్న వచ్చి చెప్తడు తీయుండ్రి, మేనేజరు గదిల చాయ తాగుతున్నడు, అక్కడ తాగినోడు బాగలేదని ఎట్లంటడు అన్నాను. ఒక్క మాటే. నవ్వుతూనే అన్నాను.

కుర్మయ్య వచ్చాడు. గ్లాసు చేతికిచ్చారు. ఇంట్ల పిల్లలను తోల్కపోయి చూపియ్యాల్సిన సినిమా అని మొదలుపెట్టాడో లేదో జంగయ్య అందుకున్నాడు.

“టికెట్ కొన్నవా అన్నా, పాసా?”

చాయ ఇంకా సగం కూడా కాలేదు. బెంచీ పద్ధతి అంతవరకూ ఎవరూ తప్పలేదు. ఎవరు నడుమ నోరెత్తినా కసిరే నేను ఆ రోజు కసరలేదు. కుర్మయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ వచ్చి చివరికి నన్ను చూశాడు. టికెట్ ఆయనే కొన్నాడు, నాది కూడా ఆయనే కొన్నాడు. ఆ మాట చెప్పగలిగినవాణ్ని అక్కడ నేనొక్కణ్నే. తల వంచుకొని ఫోను తుడుచుకున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి గొంగడి సర్దుకొని వెళ్లిపోయాడు. ఆ సినిమాకు మళ్లీ ఎవరూ పోలేదు, మూడో రోజు తీసేశారు. కుర్మయ్య మళ్లీ బెంచీ దగ్గరికి రాలేదు. కొన్నాళ్లకు హాలుకు రావడమూ మానేశాడు.

ఏడాది తర్వాత హైదరాబాద్ నుంచి ఒక యూట్యూబ్ చానల్ కుర్రాడు వచ్చాడు. కల్వకుర్తిలో సినిమా చెప్పే గొర్లకాపరి ఉన్నాడట కదా, ఎక్కడుంటాడు అని నన్నే అడిగాడు. ఆయన ఇప్పుడు రావడం లేదన్నాను. అబద్ధం కాదు. ఊరి పేరు చెప్పలేదు, అంతే. అతను కెమెరా నా ముందు పెట్టాడు. హాలులో నిశ్శబ్దం రెండు రకాలని చెప్పాను. గొర్లు, తోడేలు తీసేసి ప్రేక్షకులు, భయం అన్నాను. వీడియోను లక్షలమంది చూశారు. ఇంట్లో నా భార్య ఫోనులో చివరిదాకా చూసి, “గిది కుర్మన్న మాట గదా?” అంది. ఫోను బోర్లించి లోపలికి వెళ్లింది. ఆ వీడియో చూసే ఈ పత్రికవాళ్లు నన్ను రాయమన్నారు.

కుర్మయ్య పోయి ఏడాది దాటింది. ఆయన పోయాక బెంచీ దగ్గర ఉన్నవాళ్లకు జరిగింది జరిగినట్టు చెప్పాను. జంగయ్య చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, “ఇంతమందిమి నీ మాట నమ్మి ఆయన నోరు మూయించినం. ఇప్పుడు మాకెందుకు చెప్తున్నవ్? నీ మాట యాడదాక పోతదో గాడ చెప్పు” అన్నాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కుర్మయ్య ఏ రోజూ పాసు మీద సినిమా చూడలేదు. ఆ రెండు నిశ్శబ్దాల మాట ఆయనది.

ఆయన బతికుండగా చెప్పుకోలేదా అంటే, ఒకసారి వెళ్లాను. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చారని తెలిసి, నెలరోజులు జంకి, ఒక మధ్యాహ్నం వెళ్లాను. మంచం మీద ఒరిగి కూర్చొని ఉన్నాడు. సగానికి సగమైపోయాడు. నన్ను చూసి దా తమ్మీ అని జరిగి జాగా ఇచ్చాడు. కూర్చుంటూనే చెప్పేశాను.

“కుర్మన్నా, ఆ రోజు పాసు మాట పుట్టిచ్చింది నేనే.”

“ఎర్కే.”

“ఎప్పటిసంది?”

“నువ్వు తలకాయ ఒంచినప్పటిసంది.”

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. కోడలు మాకు చాయ తెచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగి, ఈ వారం వచ్చిన సినిమా ఎట్లుందని అడిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటర్వెల్ ముందే కాళ్లు కదిలాయని, వెనక వరుసల్లో ఫోన్లు వెలిగాయని, చివర్లో మాత్రం నిలబడి చూశారని, ఆయన నేర్పిన తీరులోనే గబగబా చెప్పుకొచ్చాను. అంతా విన్నాడు. చాయ అయ్యేదాకా నడుమ మాట్లాడలేదు.

“మంది సంగతి అడుగుతలేను తమ్మీ. నీకెట్లనిపిచ్చింది?”

  కథ చెప్పగలను, ఎవరెక్కడ లేచారో చెప్పగలను. నాకేమనిపించిందో ఎంత వెతికినా దొరకలేదు. ఆయన ఓపిగ్గా చూశాడు. తర్వాత నా మోకాలు మీద చెయ్యేసి, “సరే తీ. చూసినంక చెప్పు” అన్నాడు.

ఆ సినిమా నేను అప్పటికే రెండుసార్లు చూశాను. దాని మీద నిండు పేజీ రాసి పంపాను కూడా.

ఇప్పటికీ రాయడానికి కూర్చున్నప్పుడు ఆ మాట వినిపిస్తుంది. కొన్ని వారాలు రాసింది పక్కన పెట్టేసి, మళ్లీ టికెట్ కొనుక్కొని వెళ్తాను.