అరవై ఒకటి పాయింటు ఆరు అయిదు దగ్గర

దెయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. లెక్కలు చెప్పుకుని బతికినవాణ్ణి. పైగా ఇక్కడ రాయబోయే సంగతిలో చనిపోయినవాళ్లెవరూ లేరు. ఆ రోజు నాకు వినిపించిన గొంతు బతికున్న మనిషిది. నన్ను ఇప్పటికీ తికమకపెట్టేది అదే.

అయితే దానికంటే ముందు, నేను చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. అది పక్కన పెట్టి మిగతాది రాస్తే ఇది కాలక్షేపం కబురే అవుతుంది.

తొంభైల మధ్యలో నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరర్‌ని. బి.ఎస్సీ. పిల్లల కోసం న్యూమరికల్ మెథడ్స్ మీద తెలుగులో ఒక పుస్తకం రాశాను. సూటిగా తేలని సమీకరణాలకు మెట్టు మెట్టుగా జవాబు దగ్గరికి చేరే పద్ధతులు అందులో ఉంటాయి. అలాంటి పుస్తకానికి పాఠం రాయడం కంటే వెనక పేజీల్లో ఇచ్చే జవాబులు కట్టడమే పెద్ద పని.

ఆ జవాబులు కట్టింది కామేశం గారు. మా కాలేజీలోనే పార్ట్‌టైం లెక్చరర్. ద్రాక్షారామం నుంచి రోజూ బస్సు మీద వచ్చేవారు. కాలేజీలో ఆయనకో పేరుండేది: కామేశం గారి లెక్క తప్పదు అని. ఆ పేరు తప్ప ఆయనకు అక్కడ వేరే ఆస్తి లేదు. ఆ ఏడాది లెక్కల్లో ఒక పర్మనెంటు పోస్టు వస్తుందని, అది ఆయనదేనని అందరం అనుకుంటూ ఉండేవాళ్లం.

ప్రూఫులు దిద్దడానికి మాకొక పద్ధతి ఉండేది. సాయంత్రాలు మా ఇంటి వరండాలో కూర్చునేవాళ్లం. నేను ప్రూఫు చూసి అంకెలు పైకి చదివేవాణ్ణి. ఆయన ఒళ్లో తన రాతప్రతి పెట్టుకుని వినేవారు. తేడా వస్తే, "అక్కడ ఆగండి మాస్టారూ" అనేవారు. మెల్లగా, కొంచెం మొహమాటంగా, తప్పు తనదే అయినట్టు.

ఒక్కోసారి రాతప్రతి చూడకుండానే ఆపేవారు. ఎలా తెలిసిందండీ అంటే, "అంకెల నడక తప్పిందండి. వింటుంటే కాలు మడత పడినట్టుంటుంది" అనేవారు. పద్మ, అంటే నా భార్య, ఇద్దరికీ కాఫీ తెచ్చేది. ఆయన పంచదార వేసుకోరు.

ఆఖరి ప్రూఫు మాత్రం నేనొక్కణ్ణే ప్రెస్సులో కూర్చుని చూశాను. అప్పుడే మద్రాసు నుంచి కొత్త సైంటిఫిక్ కాలిక్యులేటర్ తెప్పించుకున్నాను. దాన్ని వాడాలని చేతులు ఊరుకోవడం లేదు. ఒక అంకెకు కొసైను కడితే మళ్లీ ఆ అంకే రావాలి, అదెంత అనేది ఒక లెక్క. కామేశం గారి జవాబు 0.7391. నేను కాలిక్యులేటర్లో కొసైను మీట మళ్లీ మళ్లీ నొక్కాను. 0.9998 దగ్గర నిలబడింది. ఆయన జవాబు కొట్టేసి అది రాశాను. ఆయనకు చెప్పలేదు. యంత్రం చెప్పాక ఇంకేముంది అనుకున్నాను.

ఆ లెక్కలో కోణం రేడియన్లలో ఉండాలి. నా కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉంది. మొదటి ఏడాది కుర్రాడు కూడా చూసుకునే సంగతి.

ఆ ఏడాది యూనివర్సిటీ పరీక్షలో అదే లెక్క వచ్చింది. మా పిల్లలు పుస్తకంలో ఉన్న జవాబే వచ్చేలా లెక్క సాగదీసి, మార్కులు పోగొట్టుకున్నారు. తల్లిదండ్రులు కాలేజీకి వచ్చి గొడవ చేశారు. ఆ వారమే నా తప్పు ఎక్కడుందో నాకు తెలిసింది. ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ రూముకే వచ్చి, అందరి ముందూ పుస్తకం తెరిచి అడిగారు.

"ఈ జవాబులు ఎవరు కట్టారండీ?"

"అన్నీ కామేశం గారే కట్టారండి" అన్నాను.

అందులో అబద్ధం లేదు. కట్టింది ఆయనే. అందులో ఒకదాన్ని నేను కొట్టేశానన్న రెండో మాట మాత్రం నా నోట రాలేదు. కామేశం గారు నా వైపు చూశారు. ఆ చూపును నేను చాలాకాలం ఆశ్చర్యం అనుకున్నాను.

ఆ తర్వాత స్టాఫ్ రూములో ఫిజిక్సు లెక్చరరు ఆయన్ని ఒక ఆట పట్టించాడు. "కామేశం గారూ, టైమెంతయిందండీ? నాలుగు దశాంశ స్థానాల దాకా చెప్పాలి సుమా!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పర్మనెంటు పోస్టు ఇంటర్వ్యూకి ఆయన్ని పిలవలేదు. జూన్లో కాలేజీ తెరిచినప్పుడు ఆయన రాలేదు. ద్రాక్షారామంలో ట్యూషన్లు చెప్పుకుంటున్నారని విన్నాను. పుస్తకం రెండో ముద్రణలో ఆ జవాబు చడీచప్పుడు లేకుండా సరిచేశాను.

ఎనిమిదేళ్లు గడిచాయి. ఇంజినీరింగ్ కాలేజీలు ఊరూరా వచ్చాయి. వాళ్ల కోసం సైంటిఫిక్ కంప్యూటింగ్ మీద ఇంకో పుస్తకం రాశాను. ఈసారి జవాబులన్నీ కంప్యూటరే కట్టింది. ప్రూఫు దిద్దడానికి తోడెవరూ లేరు. అయినా అలవాటు కొద్దీ వరండాలో కూర్చుని అంకెలు పైకే చదువుకుంటున్నాను.

అది ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు. మంచి వెలుతురు. కరెంటు పోయి అరగంటయింది. వీధిలో టీవీలు, రేడియోలు ఏవీ మోగడం లేదు. ఇది ఎందుకు రాస్తున్నానో తర్వాత తెలుస్తుంది.

వేడి ఇనప కడ్డీ నిమిషనిమిషానికి ఎంత చల్లారుతుందో చూపించే పట్టిక అది. అరవై నాలుగు పాయింటు తొమ్మిది ఒకటి. అరవై మూడు పాయింటు రెండు సున్నా. అరవై ఒకటి పాయింటు ఆరు అయిదు.

"అక్కడ ఆగండి మాస్టారూ."

ఆగాను. పాత అలవాటు. పెన్సిలుతో ఆ అంకె కింద గీత కూడా గీశాను. ఆ తర్వాతే తలెత్తి చూశాను. ఎదురు కుర్చీ ఖాళీ. గేటు గడియ పెట్టే ఉంది.

నా చెవి భ్రమ అనుకునేవాణ్ణి. కానీ నేనింకా నోరు తెరవకముందే పద్మ రెండు గ్లాసులతో వంటింట్లోంచి వచ్చింది.

"కామేశం గారు ఎప్పుడొచ్చారండీ? ఇన్నేళ్లకొస్తే లోపలికి పిలవకుండా ఆ అంకెలేంటి?" అంది. ఒక గ్లాసులో పంచదార వేయలేదు.

ఎవరూ రాలేదన్నాను. ఆమె వీధిలోకి వెళ్లి చూసి వచ్చింది. మాట స్పష్టంగా విన్నానంది. ఏం విన్నావని అడిగితే, నేను విన్న ఆ మూడు మాటలే చెప్పింది.

అంకె సరిచూశాను. నా రాతప్రతిలోనూ 61.65 అనే ఉంది. తప్పేమీ లేదు. ప్రూఫు పక్కన పెడదామనుకున్నాను, మనసొప్పలేదు. కడ్డీ చల్లారేకొద్దీ నిమిషానికి పడిపోయే వేడి తగ్గుతూ రావాలి. తీసివేతలు వేసి చూశాను. ముందు 1.71, తర్వాత 1.55, ఆ తర్వాత మళ్లీ పెరిగి 1.67. అలా పెరగకూడదు. అటక మీది కట్టలోంచి కంప్యూటర్ కాగితం తీశాను. అందులో 61.56 ఉంది. చేత్తో ఎత్తి రాసుకున్నప్పుడు అంకెలు తారుమారు చేసుకున్నది నేనే. ఆ సంగతి ఆ క్షణం దాకా నాకు తెలియదు.

తరువాతి ఆదివారం రామచంద్రపురంలో బస్సు మారి ద్రాక్షారామం వెళ్లాను. దారంతా ఆయనతో ఏమనాలో కూడబలుక్కున్నాను. తీరా వెళితే ఆయన అరుగు మీద కుర్చీలో ఉన్నారు. కుడి చెయ్యి ఒళ్లో వాలి ఉంది. నన్ను గుర్తుపట్టి లేవబోయారు, లేవలేకపోయారు. పక్షవాతం వచ్చి మూడు నెలలైందట. మాట పూర్తిగా పడిపోయింది.

నేను విన్నది చెప్పాను. ఆయన భార్య వరలక్ష్మి గారు నమ్మలేదు, నవ్వలేదు కూడా.

"వినిపించడానికి ఆయనకి గొంతేదండీ? పోయిన ఆదివారం నాలుగింటికి నిద్రపోతున్నారు. పక్కనే కూర్చుని బియ్యం ఏరుకుంటున్నాను. చిన్న మూలుగు కూడా లేదు."

అప్పుడు కాలిక్యులేటర్ సంగతి చెప్పాను. ప్రెస్సులో కొట్టేసిన జవాబు, స్టాఫ్ రూములో మింగేసిన మాట, అన్నీ చెప్పాను. కామేశం గారు వీధి వైపు చూస్తూ విన్నారు. వరలక్ష్మి గారు లోపలికి వెళ్లి ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆయన దస్తూరీ. ఆ లెక్కే, అన్ని మెట్లూ వేసి ఉన్నాయి. చివర 0.7391.

"ఇది ఆయనకి అప్పుడే తెలుసాండీ?" అన్నాను.

"ఎందుకు తెలీదండీ? పిల్లల తల్లిదండ్రులు గొడవ చేసిన రోజే తీసి చూసుకున్నారు. పట్టుకెళ్లి ప్రిన్సిపాల్ గారికి చూపించండీ అని ఎన్నిసార్లు పోరానో. 'మాస్టారే చెప్తారు, పెద్దాయన, మనం చెబితే బాగోదు' అన్నారు. ఎనిమిదేళ్లండీ! తీరా ఈయన తిరిగి ఒక్క మాట అనలేని రోజు చూసుకుని వచ్చారు మీరు."

ఆ రోజు స్టాఫ్ రూములో ఆయన చూపు ఆశ్చర్యం కాదు. ఎదురుచూపు.

క్షమించమని చేతులు జోడించాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"ఆయన పేరు పోయింది స్టాఫ్ రూములో కదండీ. మా అరుగు మీద చెబితే తిరిగొస్తుందా?"

ఆ గొంతు సంగతి నేను ఎన్ని విధాలుగానో ఆలోచించాను. అంకెల నడక తప్పడం నా చెవికే తెలిసి ఉండొచ్చు. ఆయన పక్కన కూర్చుని అన్ని సాయంత్రాలు గడిపినందుకు ఆయన మాటలోనే అది నాకు వినిపించి ఉండొచ్చు. నా వరకు అది సరిపోతుంది. వంటింట్లో ఉన్న పద్మ ఏం విన్నదో, ఆ గ్లాసులో పంచదార ఎందుకు వేయలేదో దానితో తేలదు. ఆ ఒక్కటీ నాకు ఇప్పటికీ కొలిక్కి రాలేదు.

తేలింది ఒక్కటే, వరలక్ష్మి గారు అడిగిన ప్రశ్న. రెండు వారాల తర్వాత ఒక శనివారం కారు మాట్లాడి వాళ్లిద్దరినీ మా కాలేజీకి తీసుకొచ్చాను. ఆనాటి ప్రిన్సిపాల్ గారు రిటైరవడానికి ఇంకా కొన్ని నెలలున్నాయి. ఆయన్ని స్టాఫ్ రూముకి పిలిచాను. ఆనాడు ఆట పట్టించిన ఫిజిక్సు లెక్చరరూ ఉన్నాడు. ఆ తర్వాత చేరిన కుర్ర లెక్చరర్లు కొందరు, ఏమిటోనని చూస్తూ నిలబడ్డారు. కామేశం గారి కాగితం బల్ల మీద పరిచాను.

"ఈ జవాబు కామేశం గారు కట్టింది. సరిగ్గా కట్టారు. కొట్టేసి తప్పు రాసింది నేను. నాకు తెలిసీ ఇదే గదిలో ఆ మాట చెప్పలేదు. ఆయన ఉద్యోగం, ఆయన పేరు నా మూలంగా పోయాయి. కామేశం గారూ, మీరు నా నోటితో వినాలనుకున్న మాట ఇన్నేళ్లు ఆలస్యంగా చెబుతున్నాను. తప్పు నాదండి. నన్ను క్షమించండి."