కారాల్సిన కప్పు

ఫ్రేడా స్టెక్లర్ చేతులు రెండూ దేవదారు కొమ్మల జిగురుతో నల్లబడి ఉన్నాయి. నిచ్చెన మీద నిలబడి, పెరట్లో కట్టిన పందిరి పైన ఒక్కో కొమ్మే పరుస్తోంది. కర్ర చట్రం, చుట్టూ కాన్వాసు గోడలు, పైన సన్నని చెక్క బద్దలు, ఆ బద్దల మీద కొమ్మలు. ఒక కొమ్మ పెట్టినప్పుడల్లా తల వంచి కింది నుంచి ఆకాశం కేసి చూస్తుంది. మరీ ఎక్కువ కనబడితే ఇంకో కొమ్మ వేస్తుంది. అసలు కనబడకపోతే ఒకటి తీసేస్తుంది.

కంచె అవతల ఒరెస్ట్ బోయ్‌చుక్ కాఫీ కప్పు పట్టుకుని ఇదంతా చూస్తున్నాడు. కెనడాలో విన్నిపెగ్ నగరం ఉత్తరపు పేటలో సగం ఇళ్ళకు కప్పు వేసింది అతనే. మోకాళ్ళు అరిగిపోయాక పని మానేశాడు గానీ, కళ్ళు మానలేదు. వీధిలో నడుస్తున్నా ముందు ఇళ్ళ కప్పులకేసి చూసి, తరవాతే మనుషులను పలకరిస్తాడు.

"ఫ్రేడా, ఆ మూల సందు ఉంది."

"ఉండాలి."

"నీ మోచేతి పక్కన కూడా."

"అక్కడా ఉండాలి."

"వాన వస్తే?"

"లోపల పడుతుంది."

"మరి మంచు?"

"దాన్ని మాత్రం ఆపుతామా? అదీ లోపలే పడుతుంది. రాత్రి లోపల కూర్చుంటే చుక్కలు కనబడాలి ఒరెస్ట్. మా పద్ధతి అది."

"చుక్కలు చూడాలంటే బయట నిలబడితే పోలా? దానికింత గుడిసె ఎందుకు?"

చేతిలో పని ఉండగా ఫ్రేడాకు మాటలు రావు. "యాంకెల్‌ని అడుగు," అంది.

ఒరెస్ట్ గబుక్కున కాఫీ తాగేశాడు. ఫ్రేడా మొగుడు యాంకెల్‌ను అడగడమంటే ఏమిటో అతనికి తెలుసు. మొదటి ఏడాది తెలియక అడిగాడు. యాంకెల్ కథను, తమ యూదుల పెద్దలు ఈజిప్టులో బానిసలుగా ఉన్న నాటి నుంచి ఎత్తుకున్నాడు. వాళ్ళు సముద్రం దాటేసరికి ఒరెస్ట్ కాఫీ చల్లారిపోయింది. ఎడారి సగం దాటేసరికి అతని భార్య స్లావ్కా వచ్చి భోజనానికి లాక్కుపోయింది. వాళ్ళు గుడారాలు ఎందుకు వేసుకున్నారో అతనికి ఈనాటికీ తెలియదు.

యాంకెల్ ఇన్సూరెన్సు అమ్మేవాడు. ఏటా వారం పాటు ఇలా పందిట్లో గడిపే పర్ణశాల పండుగ గురించి పెద్దలు చెప్పిన సూత్రాలన్నీ అతనికి కంఠతా వచ్చు. పెళ్ళయిన ఏడాది పందిరి తనే కడతానని పట్టుబట్టి కట్టాడు కూడా. ద్రాక్షరసం గిన్నె పైకెత్తి ఆశీర్వాదం చదువుతుండగా పందిరి మెల్లగా, మర్యాదగా అత్తగారి మీదికి ఒరిగింది. మర్నాడు అందరూ పడుకున్నాక ఫ్రేడా కూలిన చట్రం ముందు కూర్చుని, ఏ కర్ర ఎక్కడ ఎందుకు జారిందో చూసింది. పండుగ అయిన మర్నాడే సుత్తి కొనుక్కుంది. ఎదురింటికి గోడలు లేపుతుంటే నెల రోజులు కిటికీలోంచి చూసి మూలమట్టం పట్టడం నేర్చుకుంది. కుళాయి పని పాడైన కుళాయి దగ్గర నేర్చుకుంది. ఇప్పుడు ప్రార్థనా మందిరంలో తలుపు బిగుసుకున్నా, ముసలమ్మల ఇళ్ళలో నీళ్ళు పొంగినా ఫ్రేడాకే కబురు. ఇన్నేళ్ళలో ఆమె కట్టిన పందిరి ఒక్కటీ కూలలేదు, పనికిరాదని ఎవరూ అనలేదు.

హార్డ్‌వేర్ దుకాణంలో కుర్రాడు మాత్రం ఏటా అడుగుతాడు. "ఏం కడుతున్నారు మేడమ్?" గుడిసె అంటుంది. "ఎన్నాళ్ళుంటుంది?" వారం. "తరవాత?" పీకేస్తా. "మళ్ళీ?" వచ్చే ఏడు కడతా. వాడు తల గోక్కుని, మేకుల మీద రాయితీ ఇస్తాడు, జాలితో.

చివరి కొమ్మ పెట్టి ఫ్రేడా నిచ్చెన దిగింది. పండుగ ఆ సాయంత్రమే మొదలు. మామగారు బెరిష్‌ను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి. యాంకెల్ కూడా బయలుదేరాడు, డాక్టరుకు చెప్పాల్సిన విషయాలున్నాయని.

బెరిష్‌కు తొంభై దాటాయి. రెండేళ్ళ కిందట కొడుకు ఇంటికి చేరినప్పుడు వెంట ఒక పెట్టె, ఒక టోపీ, ఒక పట్టుదల తెచ్చుకున్నాడు. పర్ణశాల పండుగ వారం రోజులూ పందిరి కింద తప్ప మంచినీళ్ళు కూడా ముట్టడు. వాన పడితే ఇంట్లో తినవచ్చని శాస్త్రమే ఒప్పుకుంటుంది. బెరిష్ ఒప్పుకోడు. పోయినేడు మొదటి రాత్రి జోరున వాన. అందరూ ఇంట్లోకి పరుగెత్తారు. ఆయన ఒక్కడే టోపీ కిందికి లాక్కుని పందిట్లో సూపు తాగాడు. తాగినకొద్దీ గిన్నె నిండుతూనే ఉంది.

డాక్టరమ్మ ఈసారి గట్టిగానే చెప్పింది. "ఈ మాత్ర వేసుకుని తినకుండా ఉంటే కళ్ళు తిరిగి పడిపోతారు. ఒక్క పూట కూడా మానకూడదు."

"మానను," అన్నాడు బెరిష్. "మా కోడలు పందిరి కట్టింది."

కారులో ఫ్రేడా అంది, "మావయ్యా, ఒకవేళ..."

"ఒకవేళ లేదమ్మాయీ. పందిరుంటే తింటాను. లేకపోతే తినను. ఇందులో నీకు అర్థం కానిదేముంది?"

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం వాలిపోయింది. ఫ్రేడా పెరటి తలుపు తీసి, తీసిన చోటే నిలబడిపోయింది.

పందిరి మీద కప్పు ఉంది. నిజమైన కప్పు. ప్లైవుడ్, దాని మీద తారు కాగితం, దాని మీద వరస తప్పకుండా పలచని ఎర్ర తారు పెంకులు. అంచుల్లో నీరు జారడానికి రేకు మడత. ఒక మూల చిన్న తూము కూడా. నిచ్చెన పక్కన ఒరెస్ట్, చొక్కా నిండా చెమట, ముఖం నిండా వెలుగు.

"చూడు," అని గొట్టం తిప్పి కప్పు మీద నీళ్ళు కొట్టాడు. నీళ్ళు పెంకుల మీద నుంచి జారి, తూములోంచి బుద్ధిగా కింద పడ్డాయి. "లోపల ఒక్క చుక్క పడితే నా పేరు మార్చుకుంటా! పోయినేడు మా వంటింటి కిటికీలోంచి చూశాను ఫ్రేడా. పెద్దాయన వానలో కూర్చుని సూపు తాగుతున్నాడు. ఆ రాత్రి స్లావ్కాకూ నాకూ ముద్ద దిగలేదు. అడుగుదామంటే మీ పద్ధతులు మాకు తెలియవు. ఫ్రేడాకు అన్నీ వచ్చు గానీ కప్పు పని రాదేమో, అడగడానికి సిగ్గుపడి చుక్కలని, పద్ధతని సాకు చెబుతోందేమో అనుకున్నాం. పెంకులు మా షెడ్డులో మిగిలినవే. పండుగ కానుక!"

యాంకెల్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. బెరిష్ కర్ర ఊతంగా లోపలికి వెళ్ళి, తలెత్తి, చాలాసేపు ప్లైవుడ్ చూశాడు.

"బాగుంది," అన్నాడు బయటికి వచ్చి. "ఇల్లు. నేను ఇంట్లో తినను."

ఒరెస్ట్ ముఖంలో వెలుగు తగ్గింది. "ఏమైంది?"

"పై కప్పు నేల మీద పెరిగినదై ఉండాలి ఒరెస్ట్," అంది ఫ్రేడా. "కొమ్మలు, ఆకులు, అలాంటివి. వాన లోపల పడాలి. పడకపోతే అది పందిరి కాదు."

"అంటే... కారాలనే కట్టావా?"

"కారాలనే కట్టాను."

ఒరెస్ట్ పెంకుల కేసి చూశాడు. కారకుండా కట్టడమే జీవితమంతా చేసిన మనిషి. తప్పు చేసిన పిల్లాడిలా గొట్టం కట్టేశాడు.

"ఫరవాలేదు," అంది ఫ్రేడా. "తీసేద్దాం. నా కొమ్మలేవీ?"

దీనికి జవాబు స్లావ్కా చెప్పింది, కంచె అవతల నుంచి, చాలా చిన్న గొంతుతో. "ఇక పనికిరాని చెత్త అనుకున్నాం ఫ్రేడా. మిషన్లో వేసి ముక్కలు చేసి నా రోజా మొక్కల కింద పరిచాడు. చలికాలంలో వేళ్ళకు వెచ్చగా ఉంటుందని."

అందరూ రోజా మొక్కల కేసి చూశారు. ఆ ఏడాది వాటికి బాగా జరిగింది.

యాంకెల్ లోపలికి పరుగెత్తి ఫోను పట్టుకున్నాడు. కొమ్మలకు బదులు పైన పరచడానికి మందిరంలో వెదురు చాపలున్నాయేమోనని అడిగాడు. ఒక్కటీ మిగల్లేదన్నారు. "పొద్దు గుంకితే పండుగ మొదలు, ఇక రెండు రోజులు పని చేయకూడదు, సుత్తి ముట్టుకోకూడదు," అన్నాడు బయటికి వచ్చి. "కొమ్మ పరచకూడదు. మందిరంలోని పందిరి దాకా నాన్న నడవలేడు, పండుగ పూట కారెక్కడు. రెండు రోజులు! ఎడారిలో మన పెద్దలు కూడా..."

"యాంకెల్, నిచ్చెన పట్టుకో," అంది ఫ్రేడా.

ఒరెస్ట్ అప్పటికే గొడ్డలి తెచ్చాడు. "జరగండి. రెండు దెబ్బల్లో పగలగొట్టేస్తా."

ఫ్రేడా పెంకుల అంచును వేలితో తడిమి చూసింది. ప్రతి వరసా కింది వరసను ఒకే కొలతలో కప్పుతోంది. రేకు మడతలో కరుకు లేదు. తూము కింద, ఎవరికీ కనబడని చోట కూడా, మేకుల తలలు లోపలికి దిగేసి ఉన్నాయి.

"ఆ గొడ్డలి అవతల పారేయ్. ఇలాంటి పని కళ్ళబడి ఎన్నాళ్ళయింది? ఊడదీద్దాం. మీ షెడ్డుకు పనికొస్తుంది."

"ఫ్రేడా, ఎండ చూడు!" అని యాంకెల్ గగ్గోలు పెట్టాడు.

"ఎండ నువ్వు చూడు. నేను స్క్రూలు చూస్తా."

ఫ్రేడా, ఒరెస్ట్ చెరో వైపు నుంచి, కప్పును చట్రానికి బిగించిన స్క్రూలు విప్పారు. స్లావ్కా, యాంకెల్ కూడా చెయ్యి వేశారు. కప్పు మొత్తం ఒక్క ముక్కగా లేచింది. నలుగురూ దాన్ని పల్లకీలా మోసుకుంటూ కంచె గేటు దాటించారు. దారిలో యాంకెల్ "నా వేలు" అని అరిచాడు గానీ పల్లకీ ఆగలేదు.

ఇక కొమ్మలు కావాలి. ఫ్రేడా చుట్టూ చూసింది. తన పెరట్లో ఉన్నది ఒక్క ఆపిల్ చెట్టు, దాని ఆకులు అప్పటికే రాలిపోయాయి. ఎదురుగా, బోయ్‌చుక్‌ల పెరటి పొడవునా, స్లావ్కా పెంచిన సీడార్ మొక్కల కంచె. పచ్చగా, ఒత్తుగా, అంచులు బల్ల మీద పరిచిన గుడ్డలా సమానంగా. పక్క వీధి వాళ్ళు కూడా ఆగి చూసే కంచె. ఫ్రేడా చూపు వెంటనే తిప్పేసుకుంది. ఆ మాట ఎలా అడుగుతుంది?

స్లావ్కా ఆ చూపు చూడనే చూసింది. షెడ్డులోకి వెళ్ళి పెద్ద కత్తెర తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. "కత్తిరించు."

"ఎంత?"

"నువ్వు ముక్కలు చేసినంత."

మొదటి కొమ్మ తెగినప్పుడు స్లావ్కా కళ్ళు మూసుకుంది. తరవాత ఇల్లు సర్దుతున్నట్టు కొమ్మలు ఏరి అందించసాగింది. నోరు మాత్రం ఊరుకోలేదు. "ఫ్రేడా, ఇంత చేస్తున్నా కదా, ఒకటి చెప్పు. మాంసం కూరి చుట్టే మీ క్యాబేజీ చుట్టల్లో కిస్‌మిస్ వేస్తారట, నిజమేనా?"

"నిజమే. కాస్త పంచదార కూడా."

"అయ్యో, మాంసంలోనా! పైన పుల్ల మీగడైనా వేసుకుంటారా?"

"మాంసం, పాలు మేం కలపం."

"మీగడ లేకుండా క్యాబేజీ చుట్టా?" స్లావ్కా గొంతులో, పందిరి కప్పు సంగతి విన్నప్పటి కంటే ఎక్కువ దిగులు వినబడింది.

పైన ఫ్రేడా ఒక వైపు నుంచి, ఒరెస్ట్ మరో వైపు నుంచి కొమ్మలు పరుస్తున్నారు. వేరే మతం వాడైన ఒరెస్ట్ పరిస్తే చెల్లుతుందా అని ఫ్రేడా యాంకెల్‌ను అడిగింది. ఆ రోజంతటిలో అతని చదువు పనికొచ్చింది అప్పుడే. "నీడ కోసం వేస్తే చాలు, ఎవరు వేసినా చెల్లుతుందన్నారు పెద్దలు," అన్నాడు. ఇంకా చెప్పబోయాడు గానీ వినేవాళ్ళు లేరు.

కాసేపటికి ఫ్రేడా అటు వైపు వచ్చి చూసింది. ఒరెస్ట్ కొమ్మలను కింది నుంచి పైకి, ఒకదాని అంచు మీద ఒకటి వచ్చేలా, అచ్చం పెంకుల్లా పేర్చాడు.

"ఒరెస్ట్! ఇందులోంచి వాన దిగదు."

"దిగదు," అన్నాడు గర్వంగా. తరవాత నాలిక్కరుచుకున్నాడు. "చేతులు వాటంతట అవే వేసేస్తున్నాయి ఫ్రేడా. నేనేం చేయను?"

"కళ్ళు మూసుకుని వేయి."

"పడిపోతాను."

"అయితే నిన్నెవరో మోసం చేశారనుకో. ఆ మనిషి ఇంటికి వేస్తున్నట్టు వేయి."

ఒరెస్ట్ ఆలోచించాడు. పోర్టేజ్ వీధిలో పైకం ఎగ్గొట్టిన ఒక ముఖం గుర్తొచ్చినట్టుంది. కొమ్మలన్నీ పీకి, అడ్డదిడ్డంగా, కసిగా విసిరాడు. ఫ్రేడా కిందికి దిగి, తలెత్తి చూసింది. ఆకుల మధ్య నుంచి ఎర్రబడుతున్న ఆకాశం ముక్కలు ముక్కలుగా కనబడింది. నేల మీద ఎండ కంటే నీడే ఎక్కువ ఉంది.

"కుదిరింది," అంది. "ఇక ముట్టుకోకు."

"పరీక్ష చేయకుండా నేనే పనీ అప్పగించలేదు," అన్నాడు ఒరెస్ట్.

"చేయి అబ్బాయ్," అంటూ బెరిష్ లోపలికి వెళ్ళి, కుర్చీ లాక్కుని, టోపీ సర్దుకుని కూర్చున్నాడు. ఎదుట ఖాళీ పళ్ళెం. డెబ్బైకి దగ్గరపడ్డ అబ్బాయ్ గొట్టం పట్టుకున్నాడు. నీళ్ళు కొమ్మల మీద పడ్డాయి. ఒక చుక్క బెరిష్ టోపీ అంచు మీద రాలింది. ఇంకోటి ముక్కు మీద. ఇంకోటి పళ్ళెంలో టప్పుమంది. ఆ తరవాత లెక్క లేదు.

"కారుతోంది," అన్నాడు ఒరెస్ట్, ప్రాణం పోతున్న గొంతుతో. "చాలా చోట్ల."

బెరిష్ ముక్కు తుడుచుకున్నాడు. "బాగా కట్టావు."

ఇన్నేళ్ళ పనిలో కారే కప్పుకు ఒరెస్ట్ అందుకున్న మెచ్చుకోలు ఇదొక్కటే. అతను గొట్టం చుట్ట చుట్టసాగాడు.

ఫ్రేడా నిచ్చెన మడిచి గోడకు చేర్చింది. జిగురు చేతులు నూనె గుడ్డతో తుడుచుకుని, సబ్బుతో కడుక్కుని, లోపలికి వెళ్ళి పండుగ దీపాలు వెలిగించింది. కిటికీలోంచి చూస్తే సూర్యుడు స్లావ్కా కంచెకు పడ్డ గండిలోంచి దిగిపోతున్నాడు. ఫ్రేడా ఒక చేతిలో క్యాబేజీ చుట్టల గిన్నె, ఇంకో చేతిలో మాత్ర, మంచినీళ్ళు పట్టుకుని పెరట్లోకి వచ్చి, గిన్నె బల్ల మీద పెట్టి, పళ్ళెంలోని తడిని ఏప్రన్ అంచుతో తుడిచింది.

"మావయ్యా, పందిరి ఇక మీది."

బెరిష్ ఒకసారి పైకి చూశాడు. మంచినీళ్ళ కోసం చెయ్యి చాచాడు.

"ముందు ఆ మాత్ర ఇటివ్వమ్మాయీ."